తొంభై మూడో రోజు గోడ

చెల్లుబోయిన హైమావతి మొగుడితో పోట్లాడడం మానేసి ఇరవై ఆరు రోజులైంది. పక్కవాటా వాళ్ళు ఇదేదో మంచి మార్పే అనుకున్నారు. వీరభద్రానికి మాత్రం తిండి సయించడం మానేసింది.

అతను కాకినాడ జగన్నాథపురంలో బోటు ఇంజన్ల వర్క్‌షాపు నడుపుతాడు. చప్పుడు వింటే చాలు, ఇంజను విప్పకుండానే జబ్బేమిటో చెప్పేస్తాడు. అలాంటివాడికి ఇంట్లో చప్పుడే ఆగిపోతే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ రోజు పొద్దున్నే, సంగతేమిటో తేల్చుకుందామని, తడి తువ్వాలు తెచ్చి మంచం మీద పడేశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ తువ్వాలు గురించి హైమావతి అనని మాట లేదు. ఇవాళ మాత్రం మాట్లాడకుండా తీసుకెళ్ళి దండెం మీద ఆరేసి వచ్చింది.

"కాఫీలో పంచదార ఎక్కువైంది," అన్నాడు. నిజానికి ఎక్కువ కాలేదు.

"అవునండీ. రేపట్నుంచి తగ్గిస్తాను."

వీరభద్రం ఆఖరి ప్రయత్నంగా కారు తాళాలు గలగలలాడించాడు. నాలుగు నెలలుగా రోజూ పొద్దున్న ఆరింటికి బీచి రోడ్డు మీద పెళ్ళానికి కారు నేర్పేవాడు. నేర్పడం అంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గంటసేపు అరుచుకోవడం, ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ అదే అరుపు ఇంకో అరగంట సాగదీయడం. అదీ మూడున్నర వారాలుగా లేదు.

"ఇవాళైనా కారు నేర్చుకోవడానికి రావే."

"మోకాలు లాగుతోందండీ. మీరు వెళ్ళిరండి."

"నేనెందుకే వెళ్ళడం, నాకు వచ్చుగా!"

మామూలుగా అయితే ఈ మాటకి ఆవిడ దగ్గర కనీసం మూడు జవాబులుండేవి. హైమావతి చిన్నగా నవ్వి, టిఫిను కేరియరు సర్ది, ప్రయోగశాలకి బయల్దేరింది. వీరభద్రం గుమ్మంలో తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

హైమావతికి మోకాలు నొప్పి లేదు. ఉన్నదంతా భయం. ఆ భయం వాళ్ళ వంటింటి గోడకి, గడియారం కింద, అరచేతి వెడల్పు తెల్లటి పెట్టె రూపంలో వేలాడుతోంది. పోనీ పీకి పారేద్దామా అంటే, ఆ పెట్టెని కనిపెట్టిందే ఆవిడ.

డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి హైమావతి. భిన్నాలంటే ప్రాణం. పైన ఒక బహుపది, కింద ఒక బహుపది ఉండే అకరణీయ ప్రమేయాలంటే మరీనూ. అలాంటి భిన్నం ఎంత దూరం పోయినా చివరికి ఎక్కడ నిలబడుతుందో మొదటి పదాలు చూసి చెప్పేయొచ్చు కదా, మరి కాపురాలకీ ఆ సంగతి తెలిస్తే ఎంత బాగుంటుంది అన్న ఆలోచన ఒక రోజు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వచ్చిందావిడకి. ఉద్యోగం మానేసింది. ఒక ఐసు ఫ్యాక్టరీ మేడ మీద మూడు గదులు తీసుకుని ప్రయోగశాల పెట్టింది. ప్రిసిల్లా అనే కంప్యూటర్ల అమ్మాయిని సాయం పెట్టుకుంది. అయిదేళ్ళకి తెల్లపెట్టె తయారైంది. దానికి 'తుదిరేఖ' అని పేరు పెట్టారు.

తుదిరేఖ మాటలు వినదు. గొంతు ఎంత లేచింది, జవాబుకి ఎంతసేపు పట్టింది, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు ఎన్నిసార్లు అడ్డం తగిలారు, ఊరుకున్నప్పుడు పక్కనే ఊరుకున్నారా, వేరే గదిలోకి పోయి ఊరుకున్నారా, దానికి కావలసినవి ఇవే. వీటన్నిటితో మొగుడూ పెళ్ళాల మధ్య దూరం ఏ రోజుకారోజు కొలుస్తుంది. సున్నా అంటే ఇద్దరూ ఒకటే మనిషి. పది అంటే బస్టాండులో పక్కపక్కన నిలబడ్డ ముక్కూ మొహం తెలియనివాళ్ళు. నలభై రోజులు విన్నాక, రాబోయే రోజులన్నిటికీ సరిపోయేలా ఒక భిన్నం రాసి చేతిలో పెడుతుంది.

ప్రయోగశాలలో ఒక కట్టుబాటు ఉంది. ఫలితం చెప్పేటప్పుడు ఆలుమగలిద్దరూ ఒకే బల్ల ముందు కూర్చోవాలి. ఒక్కరికే చెప్పడం, ఒకరి దగ్గర దాచమనడం కుదరదు. ఈ కట్టుబాటు పెట్టింది హైమావతే.

రెండున్నర నెలల కిందట అలాగే కూర్చున్నారు గనిరాజు, సత్యవేణి. గనిరాజు పెళ్ళి పందిళ్ళకి లైట్లు కడతాడు. సత్యవేణి బట్టలు కుడుతుంది.

"ఈ భిన్నంలో పైన ఉన్నది మిమ్మల్ని విడదీసేది, కింద ఉన్నది కలిపి ఉంచేది," అంటూ కాగితం మీద గీసి చూపించింది హైమావతి. "చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడుంటారో తెలియాలంటే పెద్ద పదాలు చూస్తే చాలు. చిన్నచిన్నవి అప్పటికి లెక్కలోకి రావు. పైది పెద్దదైతే దూరం పెరుగుతూనే పోతుంది. కిందది పెద్దదైతే సున్నాకి చేరుతుంది. మీకు రెండూ సమానం. ముందున్న అంకెలు పైన ఇరవై ఒకటి, కింద పది. అంటే రెండు పాయింట్ ఒకటి దగ్గర స్థిరపడతారు. అది మీ తుదిగీత."

పాఠ్యపుస్తకంలో దీని పేరు అనంతస్పర్శరేఖ. ఆ మాట వింటే కాపురాలు చేసుకునేవాళ్ళు బెదిరిపోతారని ఆవిడ తుదిగీత అనేది.

"అంటే ఇంక పోట్లాడుకోం అన్నమాటేనాండీ?" అంది సత్యవేణి ఆశగా.

"అదేం లేదమ్మా. ఆ గీతని మధ్యమధ్యలో దాటుతూనే ఉంటారు. రానురాను దాని దగ్గరికే సర్దుకుంటారు, అంతే."

"ఆయ్, రెండంటే మంచిదేనండి. మా అమ్మా నాన్నా ఏడులో ఉండేవాళ్ళనుకుంటా," అన్నాడు గనిరాజు. అందరూ నవ్వారు.

హైమావతి నవ్వాపుకుని కాగితం తిప్పింది. "కానీ మధ్యలో ఒక గోడ ఉంది. నూట నలభయ్యో రోజుకి కిందది సున్నా అయిపోతోంది. సున్నాతో భాగించలేం కదా. అక్కడ గీత ఆకాశంలోకి లేచిపోతుంది."

"అంటేనండి?"

"ఆ రోజుకి మిమ్మల్ని కలిపి ఉంచేది ఏమీ మిగలదమ్మా."

సత్యవేణి మొగుడి వంక చూసింది. గనిరాజు తన చెప్పుల వంక చూసుకున్నాడు. తప్పించుకునే దారేమైనా ఉందా అని అడిగాడు. లెక్కలో లేదని చెప్పింది హైమావతి. తొమ్మిది రోజులకి ఫోనొచ్చింది: సత్యవేణి సామర్లకోటలో అక్క దగ్గరికి వెళ్ళిపోయిందట, ఇక విడివిడిగానే ఉంటారట. హైమావతి మనసు చివుక్కుమంది. అయినా వాళ్ళ ఫైలు మీద 'గోడ నిజమైంది' అని రాసి టిక్కు పెట్టింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, ఆ టిక్కు పెడుతుంటే ఆవిడకి లోపల్లోపల కాస్త గర్వంగానే అనిపించింది. అప్పటికి తుదిరేఖ అరవై ఒక్క ఇళ్ళలో గోడ చెప్పింది. యాభై నాలుగు ఇళ్ళు విడిపోయాయి. ఇంత కచ్చితమైన యంత్రం ఇంకెక్కడుందండీ?

ఆ తర్వాతే కొత్త పెట్టె ఒకటి తయారైంది. ముందు ఎవరింట్లోనో ఒకరింట్లో పెట్టి చూడాలి. హైమావతి తమ ఇంట్లోనే బిగించింది. వీరభద్రం అదేదో ఇంకో స్విచ్ బోర్డనుకుని సరే అన్నాడు. నలభయ్యో రోజున కాగితం బయటికొచ్చింది. తుదిగీత ఒకటిన్నర దగ్గరుంది. అంత తక్కువ దూరం ప్రయోగశాలలో ఇంకే ఇంటికీ రాలేదు. హైమావతి మురిసిపోయింది. తర్వాత రెండో వరస చదివింది. తొంభై మూడో రోజు దగ్గర గోడ.

కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది. తను పెట్టిన కట్టుబాటు తనే తప్పింది. వీరభద్రానికి చెప్తే ఏమంటాడు? గనిరాజులాగా చెప్పుల వంక చూసుకుంటాడా? ఈ మనిషి లేకుండా తనకి ఒక్క పొద్దు కూడా ఎలా గడుస్తుందో తెలియదు. ఆ సంగతి ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అతనితో అనలేదు, అనవలసిన పనీ పడలేదు.

కింద అంకె సున్నా కాకుండా చూసుకోవాలి, అంతే కదా అనుకుంది. పోట్లాట మానేసింది. కారు నేర్చుకోవడమూ మానేసింది, అరుపులన్నీ అక్కడే పుడుతున్నాయి కాబట్టి. ఏమన్నా అవునండీ, అలాగేనండీ. రోజూ సాయంత్రం పెట్టెలో ఆనాటి దూరం చూసుకునేది. మొదటి రోజు ఒకటి పాయింట్ నాలుగు. వారానికి రెండు. పదిహేను రోజులకి మూడు దాటింది. తను ఎంత మంచిగా ఉంటే అంత పెరుగుతోంది. గోడ దగ్గరపడుతోందనుకుని హైమావతి ఇంకా మంచిగా ఉండడం మొదలుపెట్టింది.

తువ్వాలు పడేసిన ఆ రోజే, మధ్యాహ్నం ఒంటిగంటకి, వీరభద్రం ఐసు ఫ్యాక్టరీ మెట్లెక్కాడు. చేతులకి గ్రీజు అలాగే ఉంది. లోపలికి రాగానే ప్రిసిల్లా లేచి కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"ఏ డాక్టరు దగ్గరికెళ్ళావు?" అన్నాడు పెళ్ళాంతో. "రిపోర్టేది?"

"డాక్టరేంటండీ?"

"నా దగ్గర దాచకు హైమా. మా మావయ్య కూడా ఇంతే. పోయే ముందు నెల్లాళ్ళూ ఎవర్నీ పల్లెత్తు మాటనలేదు. అందరికీ దండం పెట్టుకుంటూ తిరిగాడు. ఏ జబ్బో చెప్పు. వైజాగ్ తీసుకెళ్తా, హైదరాబాద్ తీసుకెళ్తా. ఇలా నవ్వుతూ చంపకు నన్ను."

అంత మనిషీ ఏడుస్తున్నాడు. గ్రీజు చేత్తో కళ్ళు తుడుచుకునేసరికి మొహమంతా నల్లబడింది. హైమావతి ఇక ఆగలేకపోయింది. సొరుగు తాళం తీసి కాగితం బల్ల మీద పెట్టేసింది. గోడ సంగతీ, తొంభై మూడో రోజు సంగతీ, ఈ ఇరవై ఆరు రోజుల సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

వీరభద్రం అంతా విన్నాడు. "అంటే నీకు జబ్బేం లేదు."

"లేదండీ."

"మోకాలు?"

"బాగానే ఉంది."

అతను కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే ఒళ్ళు మండింది. "ఓసి నీ తెలివి తెల్లారా! పెట్టె చెప్పిందని మొగుడితో మాట్లాడడం మానేస్తావా? నాకో మాట చెప్పాలనిపించలేదా? అందర్నీ ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి చెప్తావు, నీ మొగుడు మాత్రం పనికిరాకుండా పోయాడా?"

"చెప్తే మీరేమంటారో అని భయమేసింది!"

"ఏమంటాను? నా పెళ్ళాం ఎక్కడికీ పోదు, నీ పెట్టెకి వైరు లూజయింది, చూసుకో అంటాను!"

"వైరు కాదండీ, లెక్క! లెక్క తప్పదు!"

"ఏదీ, చూపించు ఆ లెక్క!"

ప్రిసిల్లా మెల్లగా ఆ గదిలోంచి జారుకోబోయింది. "నువ్వుండమ్మా," అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

హైమావతి విసురుగా తెర మీద బొమ్మ తెచ్చింది. అడ్డంగా పొడుగాటి గీత, దాని మీద రోజుల అంకెలు. "పైది ఎక్కడ సున్నా అవుతుందో అక్కడ గుండ్రం పెడుతుంది. కిందది ఎక్కడ సున్నా అవుతుందో అక్కడ ఇంటూ పెడుతుంది. ఇంటూ ఉన్నచోట గోడ. తొంభై మూడు దగ్గర చూడండి, ఇంటూ!"

వీరభద్రం తెర దగ్గరికి వెళ్ళి, ఇంజను లోపలికి చూసినట్టే కళ్ళు చిట్లించి చూశాడు. "దాని పక్కనే గుండ్రం కూడా ఉందేంటి? ఒకదాని మీద ఒకటి పడ్డాయి."

"మీద పడలేదు. పక్కన ఉంది. గుండ్రం తొంభై మూడు పాయింట్ సున్నా రెండు, ఇంటూ తొంభై రెండు పాయింట్ తొమ్మిది ఏడు."

"రెండూ ఒకటే సైజు కదే."

"ఒకటే ఎలా అవుతాయండీ, తేడా కనిపిస్తుంటే!"

"పిస్టన్ మీద నూట అయిదు అని ఉంటుంది. అది ఆడే లైనర్ గొట్టం మీద కూడా నూట అయిదే ఉంటుంది," అన్నాడు వీరభద్రం, కుర్రవాళ్ళకి పని నేర్పే ఓపికతో. "పెట్టి కొలువు. ఏదీ సరిగ్గా నూట అయిదు రాదు. వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. అంతమాత్రాన ఈ పిస్టన్ ఈ లైనర్‌ది కాదని పారేస్తామా? కొలిచింది ఏదైనా అంతే. ఇవి జత. గుడ్డివాడికీ తెలుస్తుంది."

హైమావతి తెర మీది ఆ రెండు అంకెలూ మళ్ళీ చదివింది.

కాలేజీలో ఇరవై ఏళ్ళు రోజూ చెప్పిన పాఠమది. ముందు కారణాంకాలు విడగొట్టండి. పైనా కిందా ఒకటే ఉంటే కొట్టెయ్యండి. కొట్టేశాకే గోడలు వెతకండి. కొట్టేసిన చోట గోడ ఉండదు, గీత మీద సూదిమొనంత చిల్లు ఉంటుంది, అంతే. ఒక్క బిందువు దగ్గర విలువ ఉండదు. దానికి ఇటుపక్కా అటుపక్కా గీత హాయిగా సాగిపోతుంది. తుదిరేఖకీ ఆవిడ ఇదే నేర్పింది. పైనా కిందా సమానమైతే కొట్టెయ్యమని రాసింది. నల్లబల్ల మీద లెక్కల్లో అవి ఎప్పుడూ సమానంగానే ఉంటాయి, ఎందుకంటే ఆ లెక్కలు తయారుచేసేది పంతుళ్ళు. మనుషుల గొంతులు కొలిచి తెచ్చిన అంకెలు అలా ఎందుకుంటాయి?

"ప్రిసిల్లా, నువ్వు నన్ను ఒకసారి అడిగావు కదూ? దగ్గరదగ్గరగా ఉంటే ఏం చెయ్యాలి అని?"

"అడిగాను మేడమ్." ప్రిసిల్లా నేల చూపులు చూసింది. "సమానమంటే సమానమే, దగ్గరదగ్గర అని రాస్తే సున్నా మార్కులేస్తాను అన్నారు మీరు."

ఆ పూట ముగ్గురూ కలిసి వెనక్కి తవ్వుకుంటూ పోయారు. ఆ గుండ్రమూ ఆ ఇంటూ ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయో పెట్టెలోని రికార్డు చెప్పింది. రోజూ పొద్దున్న ఏడుంబావు నుంచి ఏడూ నలభై అయిదు దాకా, కారు దిగి వచ్చి కాఫీ తాగే ఆ అరగంట. ఆ వేళ గొంతులు లేచినట్టు ఎప్పుడూ లేవలేదు, అందుకని యంత్రం దాన్ని పైన వేసింది. ఆ వేళ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చున్నట్టూ ఎప్పుడూ కూర్చోలేదు, ఒకరి మాట ఒకరు అందుకోవడానికి క్షణం కూడా పట్టలేదు, అందుకని కిందా వేసింది. ఉన్నది ఒక్కటే పోట్లాట. హైమావతి రెండు చోట్లా కొట్టేసింది. గోడ పోయి చిల్లు మిగిలింది. తుదిగీత మాత్రం ఇసుమంత కూడా కదలకుండా ఒకటిన్నర దగ్గరే ఉంది.

"మరి ఈ నాలుగు వారాల్లో దూరం ఎందుకు పెరిగింది మేడమ్?" అంది ప్రిసిల్లా.

"ఆ అరగంట తీసేశాను కదే పిచ్చిదానా," అంది హైమావతి. ఆ పిచ్చిదానా ఎవరినన్నదో ఆవిడకే తెలియాలి. వీరభద్రం మొహం గ్రీజుతో, నవ్వుతో నిండిపోయింది. హైమావతి చీర చెంగుతో ఆ గ్రీజు తుడవబోయి, ఇంకా పూసి, చివరికి అతని భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. ఆనందంగానే ఏడ్చింది.

ఏడుపు సగంలో తల ఎత్తింది. "ఫైళ్ళు," అంది.

అరవై ఒక్క ఫైళ్ళూ బయటికి తీశారు. సాయంత్రం అయిదయ్యేసరికి లెక్క తేలింది. ఇరవై మూడు ఇళ్ళలో గోడ నిజంగా గోడే. ముప్ఫై ఎనిమిది ఇళ్ళలో చిల్లు. ఆ ముప్ఫై ఎనిమిదిలో ముప్ఫై మూడు విడిపోయాయి. విడిపోయినవాళ్ళలో నాలుగు జంటలు అప్పటికే కోర్టు మెట్లెక్కి దిగి కాగితాలు తెచ్చుకున్నారు. ప్రతి ఫైలు మీదా హైమావతి దస్తూరీలో 'గోడ నిజమైంది' అని టిక్కు. పెట్టె చెప్పిందని భయపడి విడిపోయినవాళ్ళని చూసి, పెట్టె నిజమే చెప్పిందని పెట్టిన టిక్కులవి. హైమావతి ఆ టిక్కులు ఒక్కొక్కటే కొట్టేసింది. ఏ మొహం పెట్టుకుని వాళ్ళ గుమ్మాలెక్కాలి? ఉత్తరాలు రాసి పంపేస్తే సరిపోదా అని ఒక్క క్షణం ఆశపడింది కూడా.

"ఉత్తరాలేంటి?" అన్నాడు వీరభద్రం. "మా వర్క్‌షాపులో తప్పుగా బిగించిన బోల్టు మేమే వెళ్ళి విప్పుతాం. రేపు పొద్దున్నే బయల్దేరదాం. నువ్వే నడుపు."

"మొదట ఎవరింటికి?"

"ఎవరి గోడ ఇంకా రాలేదో వాళ్ళింటికి."

గనిరాజు, సత్యవేణిల నూట నలభయ్యో రోజుకి ఇంకా మూడు వారాలుంది.

సామర్లకోట స్టేషను రోడ్డులో సత్యవేణి అక్కది పెసరట్ల హోటలు. పొద్దున్న ఎనిమిదింటికి కారు దాని ముందు ఆగింది. ఆగడమంటే, రెండుసార్లు ఎగిరి ఆగింది. పెనం దగ్గర నిలబడి అట్లు వేస్తున్న సత్యవేణి, కారులోంచి దిగుతున్న హైమావతిని చూసి కంగారుపడింది. అంతకన్నా కంగారుపడింది లోపల బెంచీ మీద తింటున్న మనిషి. ఆకు అలాగే వదిలేసి, దొడ్డివైపు తలుపు సందులోకి దూరి నక్కాడు. తలుపు చిన్నది, మనిషి పెద్దవాడు. సగం బయటికే కనిపిస్తున్నాడు.

"గనిరాజుగారూ, మీరేనా?" అంది హైమావతి.

"ఆయ్... నేనేనండి," అన్నాడు గనిరాజు, తలుపు వెనకనుంచే. "ఊరికే టిఫినుకొచ్చానండి. మేం కలవలేదండి. మీ లెక్క లెక్కేనండి."

"రోజూ కాకినాడనుంచి టిఫినుకి ఇక్కడికి వస్తారా?" అన్నాడు వీరభద్రం.

సత్యవేణి అట్లకాడ కింద పెట్టింది. "ఏం దాస్తావయ్యా ఇంక, రా బయటికి. మేడంగారూ, కోప్పడకండి. మా మేనత్త పోయినప్పుడు నక్షత్రం మంచిది కాదని మూణ్ణెల్లు ఇల్లు పాడుపెట్టామండి. తాళాలేసి, ఎవళ్ళూ ఉండకుండా వెళ్ళిపోయాం. కాపురాన్నీ అలాగే పాడుపెడదాం అనుకున్నాం. గోడ పడే రోజుకి ఇంట్లో మనుషులే లేకపోతే ఎవళ్ళ మీద పడుద్దండీ? ఆ రోజు దాటాక మళ్ళీ పాలు పొంగించుకుని కలుసుకుందాం అని. మీకు చెప్తే మీ లెక్క తప్పిందని బాధపడతారని చెప్పలేదు."

హైమావతి బెంచీ మీద కూర్చుంది. చెప్పవలసిన మాట రోడ్డు పొడుగునా వందసార్లు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు రెండే ముక్కల్లో బయటికొచ్చింది.

"గోడ లేదమ్మా. తప్పు నాది."

ఎలా తప్పిందో చెప్పింది. పైనా కిందా ఒకటే ఉన్నదాన్ని కొట్టెయ్యడం మర్చిపోయానని చెప్పింది. మీ ఇద్దరి మధ్యా ఉన్నది చిన్న చిల్లని, ఒక్క రోజుది, అదీ కనిపించను కూడా కనిపించదని చెప్పింది. గనిరాజు మొహం వికసించింది. "చూశావా, నేను చెప్పలే?" అన్నాడు పెళ్ళాంతో, నిజానికి ఎప్పుడూ చెప్పకపోయినా.

సత్యవేణి నవ్వలేదు.

"పోయిన నెల్లో మా పాతికేళ్ళ పెళ్ళిరోజండి," అంది. "ఇదిగో, మీరు కూర్చున్న బెంచీ మీదే కూర్చుని తిన్నాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు. నేను పెనం దగ్గర్నించి కదల్లేదు. పక్కకెళ్ళి కూర్చుంటే మేం కలిసే ఉన్నామని గోడకి తెలిసిపోద్దేమోనని భయమేసిందండి. అట్టు కూడా మా అక్క చేతే పెట్టించాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాతికేళ్ళు మళ్ళీ రావు కదండీ."

హైమావతి లేచి వెళ్ళి సత్యవేణి రెండు చేతులూ పట్టుకుంది. పిండీ నూనే అంటిన చేతులు. "రావమ్మా. నేను తెచ్చి ఇవ్వలేను కూడా. తిట్టాలనిపిస్తే తిట్టు."

సత్యవేణి తిట్టలేదు. కాసేపు ఏడ్చి, ముక్కు చీది, పెనం కింద మంట తగ్గించి, "అక్కా, నీ అట్లు నువ్వేసుకో, నేను పోతున్నా," అని లోపలికి కేకేసింది. అయిదు నిమిషాల్లో సంచీ సర్దుకుని వచ్చేసింది. అందరూ కారెక్కారు. వీరభద్రం ముందు కూర్చున్నాడు, ఆలుమగలిద్దరూ వెనక. ఊరు దాటకముందే వెనక సీట్లో మొదలైంది. మేడ మీద నీళ్ళ తొట్టి కడిగాడా లేదా, కుట్టుమిషను మీద గుడ్డ కప్పాడా లేదా, రెండు నెలలూ ఇంట్లో అంట్లు ఎవరు తోమారు. గనిరాజు గొంతు లేస్తోంది, సత్యవేణి గొంతు దానికన్నా పైకి లేస్తోంది. ఇద్దరూ ఒకరికొకరు ఆనుకునే కూర్చున్నారు. వీరభద్రం సర్దిచెబుదామని వెనక్కి తిరగబోతే, హైమావతి ఎడం చేత్తో అతని మోకాలు నొక్కి ఆపింది.

"స్టీరింగు పట్టుకోవే ముందు!" అన్నాడతను.

"పట్టుకున్నాను! మీరు నోరు మూసుకుని రోడ్డు చూడండి!"

రైలు గేటు పడి ఉంది. హైమావతి కారాపింది. వెనక పోట్లాట కాసేపు నిలిచింది. సత్యవేణి ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడంగారూ, మీ ఇంట్లో కూడా పెట్టిచ్చుకున్నారాండీ ఆ పెట్టె?"

"పెట్టించుకున్నామమ్మా."

"మీకూ గోడ చెప్పిందా?"

"చెప్పింది."

"మరి మీరెన్నాళ్ళు?"

హైమావతి అద్దంలో ఆవిడని చూసింది. "ఇరవై ఆరు రోజులు. ఒకే ఇంట్లో."

"అయ్యో," అంది సత్యవేణి. తర్వాత చెయ్యి చాచి హైమావతి భుజం మీద వేసింది. "ఒకే ఇంట్లో అంటే మాకన్నా కష్టమే కదండీ," అంది.

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. హైమావతికి కళ్ళు మసకగా ఉండడం చూసి వీరభద్రం ఒక్క మాట కూడా అరవలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకునేదాకా, వెనకనుంచి ఎన్ని హారన్లు మోగినా, ఆగాడు.